అది బ్యాండు చేసిన రొదా, ప్రెస్సు చేసిన రొదా?

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ వినైల్ రికార్డుల విషయంలో పండితుడినని సెలవిచ్చారు. ఆ మాటకు కృతజ్ఞుణ్ణే గానీ, నిజానికి నేను బాగోలేని రికార్డు ఒకటి తిప్పి పంపబోయి మాట పడ్డ మనిషిని. హెవీ మెటల్ రికార్డుల ప్రెస్సింగు, అంటే కరిగిన వినైల్‌ను అచ్చులో నొక్కి రికార్డు తీసే పని, దాని నాణ్యతను ఎలా గుర్తించాలో చెప్పమని మీరు అడిగారు కనుక ఆ మాట గురించి ముందుగా చెప్పుకుంటాను.

ఆ రికార్డులో రెండో వైపు చివరి పాట గిటారు ఒక్కదానితో, చాలా మెల్లగా మొదలవుతుంది. ఆ ప్రశాంతమైన చోటనే కుడి స్పీకరులో గుడ్డ చింపుతున్నట్టు చరచరమని చప్పుడు వచ్చింది. సూదిని తుడిచాను, రికార్డును కడిగాను, మరో ప్లేయరు మీద వేశాను. అదే చోట అదే చప్పుడు. దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే, నిగనిగలాడే నల్లటి గాడుల మధ్య బొటనవేలంత బూడిదరంగు మచ్చ, అందులో కుట్టుపోగుల్లాంటి సన్నని గీతలు కనిపించాయి. కరిగిన వినైల్ అచ్చులోని గాడుల అంచుల దాకా పారకముందే చల్లబడితే ఇలా అవుతుంది. దీన్నే నాన్ ఫిల్ అంటారు. అమ్మినవారికి ఇదంతా వివరంగా రాస్తే, "ఈ సంగీతమే అంత కదండీ, రొద లేకుండా ఎలా ఉంటుంది?" అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు.

ఆ జవాబు నన్ను ఇన్నేళ్లుగా వెంటాడుతోంది. ఆంప్లిఫయరును అదిమి గిటారులోంచి పలికించే గరుకుతనం వాద్యకారుడు కోరి తెచ్చుకున్నది; అది స్వరంతో పాటు పుట్టి స్వరంతో పాటే ఆగిపోతుంది. రికార్డులోని దోషానికి పాటతో నిమిత్తం లేదు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డుకు ఒక చుట్టు 1.8 సెకన్లు కనుక, ఒక టక్కుమనే చప్పుడు డ్రమ్ముల లయను పట్టించుకోకుండా సరిగ్గా ఆ వ్యవధికే మళ్లీ మళ్లీ వస్తూ ఉంటే, అది డ్రమ్మరు చేతి పని కాదని గడియారం చూసి చెప్పవచ్చు.

అందుకే గిటార్లు హోరెత్తే చోట పరీక్ష పెట్టకండి, అక్కడ అన్ని పాపాలూ కప్పబడిపోతాయి. 1970లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ బ్యాండు తొలి ఆల్బమ్ వాన చప్పుడుతోనూ, గంట మోతతోనూ మొదలవుతుంది. ఆ వానలో ధూళి చేసే చిటపటలు కలిసిపోయి మనల్ని మోసం చేస్తాయి. గంట మోగి సన్నగిల్లే చోట చెవి పెట్టాలి. రికార్డు నడిమి రంధ్రం కేంద్రం తప్పి ఉంటే ఆ శ్రుతి ఊగుతుంది, కంటితో చూసినా సూది పట్టిన చేయి ప్రతి చుట్టుకూ అటూ ఇటూ ఊయలలూగుతుంది.

రెండో పరీక్ష ప్రతి వైపూ చివరి పాట. రికార్డు వెలుపలి అంచున సూది కిందుగా సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి సాగిపోతే, లోపలి చివర సుమారు 20 సెంటీమీటర్లే సాగుతుంది. అంటే అదే సింబల్ (డ్రమ్ముల పక్కన వాయించే కంచు పళ్లెం) మోతను సగం కన్నా తక్కువ జాగాలో ఇరికించాలి. కోత అంటే పాటను మొదట గాడిగా చెక్కే పని; మంచి కోతలో అక్కడ కూడా సింబల్ కంచులాగే మోగుతుంది, చెడ్డ కోతలో ఉమ్మి చిమ్మినట్టు వినిపిస్తుంది. పైగా మంద్రస్వరాలకు గాడి వెడల్పు కావాలి, కాబట్టి ఒక్కో వైపు ఎంతసేపు నింపారో చూడండి. 1986 నాటి స్లేయర్ బ్యాండు ఆల్బమ్ రెయిన్ ఇన్ బ్లడ్ రెండు వైపులా కలిపి 29 నిమిషాలే కనుక గాడులకు చోటుకు కరువు లేదు. 1988లో మెటాలికా బ్యాండు 65 నిమిషాల ఆల్బమ్‌ను రెండు రికార్డుల మీద ఇచ్చింది. అంత సంగీతాన్ని ఒకే రికార్డులో కుక్కి ఉంటే శబ్దాన్ని తగ్గించి కోయక తప్పేది కాదు.

ఇక బరువైన రికార్డు అని చెప్పేందుకు అట్ట మీద అంటించే 180 గ్రాముల స్టిక్కరు. మిత్రులారా, దయచేసి తూకం చూసి మురిసిపోకండి! గాడి నాణ్యత తొలి కోతలోనూ, అచ్చులోనూ, ప్రెస్సు దగ్గరి వేడిలోనూ ఉంది. బరువైన రికార్డు కూడా వంకర పోతుంది, కేంద్రం తప్పుతుంది, నాన్ ఫిల్ అవుతుంది. నేను తిప్పి పంపబోయిన రికార్డు మీద కూడా ఆ స్టిక్కరే ఉంది.

అయితే అన్ని నిందలూ ప్రెస్సు మీద వేయడం కూడా న్యాయం కాదు. స్టూడియోలోనే శబ్దాన్ని నలగ్గొట్టి పంపితే కర్మాగారం దాన్ని ఉన్నది ఉన్నట్టుగా అచ్చు వేస్తుంది. ఆ నలుగుడు డిజిటల్ ప్రతిలో కూడా అదే చోట వినిపిస్తుంది గనుక రెండూ పోల్చి చూశాకే ఫిర్యాదు రాయండి.

ఆ రికార్డును ఈ రోజు వెంట తెచ్చాను. అదే ఆల్బమ్ మరో ప్రెస్సింగును ఒక మిత్రుడు అరువిచ్చారు. ఏది ఏదో చెప్పకుండా రెండింటిలోనూ ఆ చివరి పాట మొదటి నిమిషం వేస్తాను. గుడ్డ చిరిగిన చోట చేయి ఎత్తండి.