సైకిల్ మీద టెనెరిఫే ఎక్కుదామని కూర్చుంటే క్యాసెట్ దగ్గరే ఆగిపోయాం

శిరీష: నమస్కారం. మళ్లీ వచ్చాం, గచ్చిబౌలిలో అదే గది, అదే ఫ్యాను చప్పుడు. ఇవాళ్టి టాపిక్ టెనెరిఫే. కెనరీ దీవుల్లో పెద్దది. దేశం స్పెయిన్, కానీ ఉన్నది ఆఫ్రికా ఒడ్డుకు దగ్గర. మధ్యలో తెయిదే అగ్నిపర్వతం, 3,715 మీటర్లు. స్పెయిన్ మొత్తంలో అంతకంటే ఎత్తయిన శిఖరం లేదు. మధన్న అక్కడ సైకిల్ తొక్కి వచ్చాడు, నేను పోబోతున్నా. చంటీ, రికార్డవుతోందా?

మధు: ఎర్ర లైటు వెలుగుతోంది. పోయినసారిలాగా కాదులే.

శిరీష: పోయినసారి సంగతి ఎత్తొద్దన్నా. ముందు రూట్ చెప్పు. మెసేజ్‌లన్నీ అదే అడుగుతున్నాయి.

మధు: దక్షిణాన లాస్ క్రిస్టియానోస్ అని సముద్రం ఒడ్డున ఊరుంది. ముందు చక్రం ఇసుకలో పెట్టి ఫొటో దిగి బయల్దేరొచ్చు. ఆరోనా మీదుగా విలాఫ్లోర్, అదే 1,400 మీటర్లు. అక్కడ కాఫీ. ఇంకా పైకి పోతే పైన్ అడవి. ఆ పైన్ చెట్టు గట్టిది, అడవి తగలబడ్డా మళ్లీ చిగురేస్తుంది. 2,100 మీటర్లు దాటాక కాల్డెరా, అంటే అగ్నిపర్వతం దగ్గరి పెద్ద గిన్నెలాంటి పల్లం, దాని అంచు దాటి లోపలికి దిగుతాం. అక్కడ చెట్లు లేవు, ఎటు చూసినా రాయి. నల్లది, ఎర్రది, ఒకచోటైతే ఆకుపచ్చగా కూడా ఉంటది. మన అనంతగిరి దగ్గర...

శిరీష: వచ్చేసింది అనంతగిరి! చంటీ, టైమ్ రాసుకో.

మధు: అరే, చెప్పనీ. వికారాబాద్ వైపు పోతుంటే చేవెళ్ల దాటాక నల్లరేగడి కనిపిస్తుందా లేదా? అది లావా రాయి అరిగి అయిన మట్టి. దక్కన్ లావా పారింది ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట. అనంతగిరి మీద ఎర్రమట్టి కూడా ఆ లావాయే, ఎండకూ వానకూ మాగి మాగి అట్లయింది. టెనెరిఫేలో ఎంత పాత రాయి తీసుకున్నా కోటి ఏళ్ల పైచిలుకు. మన ముందు చిన్నపిల్ల అది.

శిరీష: చిన్నపిల్లే, కానీ 1909లో కూడా కక్కింది. పక్క దీవి లా పాల్మా అయితే మొన్న 2021లో సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా కక్కుతూనే ఉంది. అనంతగిరి ఏం కక్కుతుంది? ఆదివారం సాయంత్రం చిప్స్ ప్యాకెట్లు.

మధు: మూసీ అక్కడే పుడుతుంది. అది మర్చిపోకు.

శిరీష: సరే, మూసీకి దండం. ఉత్తరం వైపు ఎట్లుంటది?

మధు: ఉత్తరం వేరే లోకం. ఈశాన్యం నుంచి గాలి వస్తూనే ఉంటది, మబ్బు తెచ్చి కొండ నడుముకు కట్టేస్తుంది. కింద ఒరొటావా వైపు అంతా పచ్చగా, తడిగా ఉంటది. వెయ్యి మీటర్లు దాటగానే మబ్బులో దూరతాం, చేతి వెంట్రుకల మీద నీటి చుక్కలు నిలుస్తాయి. 1,500 పైకి తేలామా, నెత్తిన మాడే ఎండ, కాళ్ల కింద మబ్బు. జెర్సీ జేబులో జాకెట్ లేకుండా పోయినవాడు దిగేటప్పుడు ఏడుస్తాడు. అంతే రూట్. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నువ్వు క్యాసెట్, అదే వెనక చక్రానికుండే గేరు పళ్ల చక్రాల గుత్తి, మార్పిస్తున్నావట.

శిరీష: ఎవరు చెప్పారు?

మధు: షాపులో. అందులో పెద్ద చక్రం 34 పళ్లది పెట్టిస్తున్నావట. వెనక చక్రానికి అన్నం పళ్లెం బిగించినట్టుంటది. నలుగురిలో పరువు పోతుంది శిరీషా.

శిరీష: నీ పరువు 28 పళ్ల మీద ఆధారపడి ఉందా అన్నా?

మధు: నేను 28తోనే ఎక్కా.

శిరీష: ఎక్కావు. వచ్చాక మా ఇంటి మెట్లు ఎట్లా దిగావో అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

మధు: అది విమానంలో కూర్చుని పట్టేసింది.

శిరీష: సరే, లెక్క చేద్దాం. పెడల్ దగ్గర చిన్న రింగు 34 పళ్లు, వెనక చక్రం దగ్గర పెద్దది 28. పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం ఒకటింపావుకు కాస్త తక్కువ తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు. అంటే చుట్టుకు రెండున్నర మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 9 కిలోమీటర్ల చిల్లర. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలైతే, 8 శాతం ఏటవాలులో ఆ స్పీడుకు దాదాపు 190 వాట్లు కావాలి. వెనక 34 పెడితే? అదే 60 చుట్లకు గంటకు ఏడున్నర, 155 వాట్లు చాలు.

మధు: 190 నేను తొక్కగలను.

శిరీష: ఎంతసేపు?

మధు: తొక్కగలను అన్నా కదా.

శిరీష: ఎంతసేపు అన్నా? మనకు కొండంటే బయోడైవర్సిటీ ఫ్లైఓవర్. లేచి నిలబడి నాలుగు తొక్కుళ్లు తొక్కేలోపు అయిపోతుంది, తర్వాత దిగుడు, మళ్లీ ఊపిరి. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లు వేశారు, నీడ బాగుంది, కానీ అక్కడ కొండేది? టెనెరిఫేలో సముద్రం నుంచి అంచు దాకా నలభై కిలోమీటర్లకు పైగా ఎక్కుడే. మనలాంటివాళ్లకు నాలుగు గంటలు. చూస్తే సగటు ఏటవాలు 5 శాతమే, భయపెట్టే అంకె కాదు. విశ్రాంతి దొరకదు, అదీ దాని పగ. పైగా 2,100 దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి నాలుగింట మూడొంతులకు కాస్త ఎక్కువ, అంతే. కింద 190 తొక్కే కాలు అక్కడ అంత తొక్కదు.

మధు: ఇప్పుడు నా మాట విను. 34 క్యాసెట్‌లో గేర్ల మధ్య దూరం ఎక్కువ. శంకర్‌పల్లి రోడ్డు మీద ఎదురుగాలిలో ఒక గేరు మార్చామంటే, ఇది బరువు, పక్కది తేలిక, మధ్యలోది లేదు. కాలికి లయ కుదరదు. మనం ఏడాదంతా తొక్కేది ఇక్కడ, టెనెరిఫే పోయేది ఒక వారం. వారం కోసం ఏడాది పాడు చేసుకుంటావా?

శిరీష: ఈ మాట మటుకు నిజం.

మధు: ఇంకోటి. నీ డెరైలర్, అదే వెనక చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకోదాని మీదికి మార్చేది, పొట్టి కేజ్‌ది. 34 పట్టదు. అది మార్చాలి, చైన్ పొడుగు చాలదు, అదీ మార్చాలి. క్యాసెట్ కొందామని పోయి సగం సైకిల్ కొనుక్కొస్తావు.

శిరీష: డెరైలర్ ఆల్రెడీ మార్పించా.

మధు: ఎప్పుడు?

శిరీష: నువ్వు బసాల్ట్ మీద, అదే నీ లావా రాయి మీద, ఎపిసోడ్ చేద్దామని పట్టుబట్టిన వారం.

మధు: (నవ్వు) చంటీ, ఇది కట్ చెయ్.

శిరీష: చెయ్యకు చంటీ. అన్నా, ఇప్పుడు ప్రొఫెషనల్ రేసర్లే కొండల్లో 34 దాకా పెట్టుకుంటున్నారు. వాళ్లు ఆ కాల్డెరాలోనే, 2,100 మీటర్ల పైన హోటల్లో వారాల తరబడి దిగుతారు. పల్చటి గాలిలో పడుకుంటే రక్తంలో ఎర్రకణాలు పెరుగుతాయి. కిందికి దిగితే చలికాలంలో కూడా రోడ్లు పొడిగా ఉంటాయి, శిక్షణకు అంతకన్నా ఏం కావాలి? వాళ్లకు లేని పరువు మనకెందుకు?

మధు: వాళ్లు పెట్టుకున్నా తొక్కేది నిమిషానికి 90 చుట్లు. నువ్వు 60 తొక్కుతావు.

శిరీష: అందుకేగా నాకు ఇంకా ఎక్కువ అవసరం!

మధు: అద్దె సైకిల్ తీసుకో, గొడవే లేదు. అక్కడ బోలెడు షాపులు.

శిరీష: నువ్వెందుకు తీసుకోలేదు?

మధు: వేరేవాళ్ల సీటు మీద నాలుగు గంటలా? నా వల్ల కాదు.

శిరీష: తిండి గురించి ఒక మాట. 85 కిలోల్ని 2,100 మీటర్లు పైకి లేపడానికి ఉట్టి పనే 400 కేలరీల పైన. మన ఒళ్లు తిన్నదాంట్లో నాలుగోవంతే పెడల్‌కి ఇస్తుంది, మిగతాది వేడి. అంటే 1,700 కేలరీలు కాలిపోతాయి. జేబులో పల్లీ పట్టీలు పెట్టుకుని ఆకలి వేయకముందే తింటూ పోవాలి. ఆకలేశాక తింటే ఆలస్యం.





మధు: రోడ్డు గురించి చెప్పనా? నన్ను అడిగితే కొండ కన్నా అదే ఎక్కువ గుర్తుంది. అక్కడ చట్టం ఉంది, సైకిల్‌ను దాటేటప్పుడు కారు కనీసం 1.5 మీటర్లు ఎడం ఇవ్వాలి. ఇస్తారు కూడా. మలుపులో టూరిస్ట్ బస్సు నా వెనక వచ్చింది. హారన్ లేదు. నా స్పీడులోనే, నిమ్మళంగా, రోడ్డు తిన్నగా కనిపించేదాకా వెనకే ఉంది. డ్రైవర్ చెయ్యి ఊపి దాటాడు. ఆయన ఎందుకు హారన్ కొట్టట్లేదా అని నేనే టెన్షన్ పడ్డా.

శిరీష: మనవాడు ఒకడు తొక్కడం మానేశాడు కదా, సర్వీస్ రోడ్డు మీద అదయ్యాక.

మధు: ఊఁ.

శిరీష: మొన్న ఫోన్ చేశా. సైకిల్ బాల్కనీలోనే ఉందట. అమ్మమంటే అమ్మడు, తీయమంటే తీయడు.

మధు: భుజం ఎట్లుంది?

శిరీష: చెయ్యి పూర్తిగా పైకి లేస్తోందట. వాళ్లావిడకు మాటిచ్చాడు, అదీ సంగతి. నేనేం మాట్లాడలేదు. ఏం మాట్లాడతాం? ట్రాక్ ఉంది రమ్మంటే, ఇంటి నుంచి ట్రాక్ దాకా ఎట్లా రావాలి అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మధు: కార్లో వేసుకుని రమ్మను. నేను తీసుకొస్తా, నా దారే.

శిరీష: నువ్వే అడుగు. నా మాట వినడు, నీదైతే వింటాడు.

మధు: అడుగుతా. అనంతగిరికి కార్లో తీసుకుపోయి అక్కడ పైన తొక్కిద్దాం, బండ్లు తక్కువ. రాయి కూడా చూపిస్తా.

శిరీష: పాపం, అతనికి రాయి చూపిస్తావా!

మధు: ఆరున్నర కోట్ల ఏళ్ల రాయి ఊరికే చూపిస్తున్నా, తప్పేంటి?

శిరీష: దిగేటప్పుడు బ్రేకుల గురించి కూడా అడిగారు. త్వరగా చెప్పేయ్.

మధు: పట్టుకునే ఉండొద్దు. మలుపు ముందు గట్టిగా పట్టి వదిలేయ్. రిమ్ బ్రేక్ అయితే అదేపనిగా పట్టుకుంటే రిమ్ కాలి ట్యూబ్ పేలొచ్చు. డిస్క్ అయితే కొంత నయం. నీది డిస్కేగా?

శిరీష: డిస్కే. విమానంలో ఎక్కించేటప్పుడు రోటర్లు, అదే బ్రేకు పళ్లాలు, విప్పాలా?

మధు: విప్పు. వంగితే అక్కడ దొరికే దాకా చచ్చిపోతావు. ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టు. వెనక డెరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ కూడా విప్పెయ్. నీ కొత్త పొడుగు డెరైలర్ ఉందిగా, మొదట వంగేది అదే. 28 ఉంచుకుని ఉంటే...

శిరీష: అన్నా!

మధు: ఒక్క మాట, 30 పెట్టు. మధ్యేమార్గం. నీకూ నాకూ...

శిరీష: కింద ఎవరో హారన్ మీద హారన్ కొడుతున్నారు, నీ కారు గేటుకు అడ్డం పెట్టావా?

మధు: అయ్యో, వాచ్‌మన్‌కు తాళం ఇచ్చా కదా. ఉండు, వస్తున్నా.

శిరీష: 30 అంట. చంటీ, ఆపెయ్.