గుమ్మం సరే, ఇల్లేదీ?

అధ్యక్షురాలు గారికి, పెద్దలకు, వెనక వరసలో సమోసాల కోసం కాచుకున్న పిల్లలకు నమస్కారం. నాకిచ్చిన అంశం అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలో మనముంటున్న ఈ సెయింట్ లూయిస్ చరిత్ర, ఇచ్చిన సమయం పదిహేను నిమిషాలు. 1764లో పియరె లాక్లీడ్ అనే ఫ్రెంచి వర్తకుడు ఎంచిన చోట ఆయన మనుషులు చెట్లు కొట్టడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి వరసగా చెప్పుకొస్తే తెల్లారినా అమెరికా జెండా దాకా రాము. ఆ జెండా సంగతీ తమాషాయే. 1804 మార్చి 9న ఈ ఊళ్లో స్పెయిన్ జెండా దించి ఫ్రాన్స్ జెండా ఎత్తారు. ఒక్క రాత్రి ఉంచి, మర్నాడు అదీ దించి అమెరికా జెండా ఎగరేశారు. సరే, అది వదిలేద్దాం. నేను చెప్పదలచుకున్నది వేరు.

మా అమ్మ రాజమండ్రి నుంచి ఇక్కడికి వచ్చిన ఏడు అందరిలాగే నేనూ ఆవిణ్ణి ఆర్చి దగ్గరకు, అదే ఏటి ఒడ్డున నిలబెట్టిన ఆ పెద్ద తోరణం దగ్గరకు తీసుకెళ్లాను. ఎత్తు 630 అడుగులు, కాళ్ల మధ్య వెడల్పూ అంతే, ఒంటి మీదంతా స్టెయిన్‌లెస్ స్టీలు అని గొప్పగా వివరించాను. పడమటి దేశానికి ఇది ద్వారం అన్నాను. ఆవిడ తల పైకెత్తి చాలాసేపు చూసి, "గుమ్మం బాగుంది నాయనా. ఇల్లేదీ?" అంది. నేను నవ్వేశాను. తర్వాత పదేళ్లపాటు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఇల్లు ఉండేదండీ. సరిగ్గా ఆ ఆర్చి చుట్టూ ఉన్న పచ్చిక కింద ఉండేది. సుమారు నలభై బ్లాకుల ఊరు.

ఆ ఊరిని పెంచింది ఏరు, మన మిసిసిపీ. 1817లో జెబులాన్ ఎం. పైక్ అనే మొదటి స్టీమరు ఈ రేవుకు వచ్చింది. దాని ఇంజను ఎంత నీరసంగా ఉండేదంటే, ప్రవాహం బలంగా ఉన్నచోట పడవవాళ్లు గెడలు వేసి తోయాల్సి వచ్చేది. ముప్ఫై ఏళ్లు తిరిగేసరికి అదే రేవులో స్టీమర్లు ఒకదాని పక్కన ఒకటి ముక్కులు ఒడ్డుకు ఆనించి, సంతలో బళ్లలాగా నిలబడేవి. అలా పక్కపక్కన నిలబడటమే కొంప ముంచింది. 1849 మే 17 రాత్రి వైట్ క్లౌడ్ అనే స్టీమరుకు నిప్పంటుకుంది. కట్టు తెగి అది ప్రవాహం వెంట జారుతూ పక్కవాటికి నిప్పు అంటించుకుంటూ పోయింది. 23 స్టీమర్లు బూడిదయ్యాయి. నిప్పు ఒడ్డెక్కి 430 భవనాల దాకా తినేసింది. దారిలో ఉన్న ఇళ్లను మందుగుండుతో పేల్చేస్తే తప్ప మంట ఆగదని తేలింది. థామస్ టార్జీ అనే అగ్నిమాపక దళ నాయకుడు మందు పీపా పట్టుకుని ఒక దుకాణంలోకి వెళ్లాడు. మళ్లీ బయటికి రాలేదు. అదే ఏడు కలరా కూడా వచ్చి ఊళ్లో వేలమందిని తీసుకుపోయింది.

అప్పుడు ఊరివాళ్లు బుద్ధి తెచ్చుకుని ఇక కర్ర వద్దన్నారు. ఇటుకతో, పోత ఇనుముతో కట్టుకున్నారు. రేవును వెడల్పు చేశారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను. నిప్పుకు కాలని ఊరు కట్టుకున్నారు.

ఇప్పుడు ఆ ఏటి మీది ఈడ్స్ వంతెన. నేను వంతెనల ఇంజనీరుగా రిటైరైనవాణ్ణి, దీని గురించి చెప్పకుండా దిగమంటే దిగను. జేమ్స్ ఈడ్స్ ఇంజనీరింగు చదవలేదు. మునిగిపోయిన స్టీమర్లలో సరుకు తీయడానికి గంటలాంటి గూడులో కూర్చుని ఏటి అడుగుకు దిగేవాడు. ఆ అడుగున నడిచినవాడు కాబట్టి ఒక సంగతి తెలుసు: వరదలో నీళ్లే కాదు, కింద ఇసుక కూడా నడుస్తుంది. అందుకే రాయి తగిలేదాకా పునాది దించి తీరాలన్నాడు. మన వైపు స్తంభాలకు బావులు దించుతారు చూడండి, ఆ పద్ధతికి ఇది అన్న. అడుగు లేని పెద్ద ఇనుప పెట్టె, నీళ్లు చొరబడకుండా లోపల ఒత్తిడి పెంచిన గాలి, ఆ గాలిలో ఇసుక తవ్వే మనుషులు. దాదాపు 95 అడుగుల లోతు. పైకి వచ్చాక వాళ్లు నడుములు వంగిపోయి, కాళ్లు చచ్చుబడి కూలిపోయేవారు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. జింకు, వెండి పట్టీలు చేతులకూ కాళ్లకూ కట్టుకున్నారు, తాయెత్తుల్లాగా. పన్నెండు మందికి పైగా చనిపోయారు. ఈడ్స్ సొంత వైద్యుడు జామినే తానే కిందికి దిగి, పైకొచ్చి పక్షవాతం వచ్చినవాడిలా పడిపోయాడు. బతికి బయటపడ్డాక పని గంటలు బాగా తగ్గించాడు. 1874లో వంతెన పూర్తయినప్పుడు జనం నమ్మకం కోసం ముందు ఒక ఏనుగును నడిపించారు. గట్టిది కాని వంతెన మీద ఏనుగు కాలు పెట్టదని ఇక్కడా అనుకునేవారట! ఏనుగు దాటింది. రైళ్లూ దాటాయి. ఏటి మీద బతికిన రేవుకు మాత్రం అక్కడి నుంచి దిగుదశ.

చీటీ అందింది అమ్మా, ముగిస్తాను. కానీ ఒక మనిషి పేరు చెప్పాలి. జాన్ బెర్రీ మీచమ్. బానిసగా పుట్టి, పని చేసి తన స్వేచ్ఛ తానే కొనుక్కున్నాడు. తర్వాత పీపాలు చేసే కార్ఖానా పెట్టి, బానిసలను కొని, పని నేర్పి విడిపించేవాడు. 1847లో నల్లవాళ్లకు చదువు చెప్పడం నేరమని మిస్సోరీ చట్టం చేసింది. మీచమ్ ఒక స్టీమరును నది మధ్యలో నిలిపి, ఈ నీళ్లు రాష్ట్రానివి కావు, కేంద్రానివి అంటూ అందులో బడి నడిపాడని చెబుతారు. పలకా బలపం పట్టుకుని పడవెక్కే ఆ పిల్లలను ఒక్కసారి ఊహించుకోండి. ఆర్చి కింద ఫొటో దిగే మన పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు? చేతులెత్తండి. చూశారా.

ఇంతకీ నిప్పుకు కాలని ఆ ఊరు ఏమైంది? 1935లో అమెరికా పడమటికి విస్తరించినదానికి గుర్తుగా అక్కడ స్మారకం కడతామని బాండ్ల కోసం ఓటింగు పెట్టారు. అందులో దొంగ ఓట్లు పడ్డాయని మరుసటి ఏడు పత్రికలు బయటపెట్టాయి. అయినా పని ఆగలేదు. రోజులు చెడ్డవి, జనానికి పనులు లేవు, ఆ ఇళ్లు పాతబడ్డాయి అన్నారు. నేను కాదనను, పాతబడ్డాయి. కానీ 1939లో మొదలుపెట్టి మూడేళ్లలో మొత్తం నేలమట్టం చేశారు. నిప్పు తర్వాత సరిగ్గా తొంభై ఏళ్లకు! 1834 నాటి చర్చి ఒక్కటి వదిలారు. బొచ్చు తోళ్ల వర్తకుల రాతి గోదాము కొన్నాళ్లు నిలిచింది గానీ, రైలుపట్టాలు జరపడానికి అదీ విప్పేశారు. ఆ తర్వాత? ఇరవై ఏళ్లపాటు అక్కడ కార్లు నిలుపుకున్నారు. అవునండీ, పార్కింగు. ఆర్చి పని 1963 దాకా మొదలే కాలేదు. ఇల్లు పడగొట్టి గుమ్మం కట్టారు. మా అమ్మకు ఒక్క చూపులో తెలిసింది నాకు పదేళ్లకు తెలిసింది.

ఆర్చి చెడ్డదని అనను. ఇంజనీరుగా దానికి దండం పెడతాను. కానీ పైకి ఎక్కడానికి వరసలో నిలబడే మనం మెట్లు దిగి రేవుకు వెళ్లం. 1993 వరదలో నీళ్లు 49 అడుగులు దాటి ఆ మెట్లే ఎక్కాయి. ఏరు మన దగ్గరకు వచ్చింది, మనం దాని దగ్గరకు పోం.

వచ్చే శనివారం పొద్దున్న ఎనిమిదింటికి ఈడ్స్ వంతెన కింద నిలబడి ఉంటాను. రేవులో పాత రాళ్ల మధ్య స్టీమర్లు కట్టిన ఇనుప కడియాలు ఇంకా ఉన్నాయి, చూపిస్తాను. ఏటివైపు వాలు, రాళ్లు జారతాయి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. కడియంలో చెయ్యి పెడితే తుప్పు అంటుకుంటుంది. తెల్ల లాల్చీలు వద్దు.