ఇంటరాక్టివ్ వ్యవస్థల రూపకల్పనపై చర్చాగోష్ఠి: అంశం కన్నా ముందు వస్తువు

[దృశ్యం: రైల్వే స్టేషన్‌లో టికెట్ యంత్రం. ఎదుట ప్రయాణికుల వరుస. పక్కనే నిలబడి టికెట్లు తీసి ఇస్తున్న సహాయకుడు.]

వ్యాఖ్యానం: మన రైల్వే స్టేషన్లలో జనరల్ టికెట్లు ఇచ్చే ఆటోమేటిక్ యంత్రాలను ప్రయాణికులు స్వయంగా వాడుకోవాలనే ఏర్పాటు చేశారు. అయినా అనేక స్టేషన్లలో వాటి పక్కన ఒక సహాయకుడు నిలబడి, ప్రయాణికుడు ఊరి పేరు చెప్పగానే తానే తెర మీద నొక్కి టికెట్ తీసి ఇస్తుంటాడు. ఈ పనికి విశ్రాంత రైల్వే ఉద్యోగులను నియమించే పథకం కూడా ఉంది. యంత్రం ఉండగా మనిషి అవసరం ఎందుకు కలిగిందో ఇంజినీరు ఒక విధంగా, డిజైనరు మరొక విధంగా, భాషావేత్త ఇంకొక విధంగా వివరిస్తారు. ఇటువంటి వారిని ఒకచోట చేర్చి, సభికులను కూడా చర్చలో భాగస్వాములను చేసే గోష్ఠిని ఎలా నిర్వహించాలో ఈ వీడియోలో చూద్దాం.

ఇంటరాక్టివ్ వ్యవస్థల రూపకల్పన, అంటే మనిషి చేసే పనికి స్పందించే ఇటువంటి యంత్రాలను తీర్చిదిద్దే రంగం, ఏ ఒక్క శాస్త్రానికీ చెందినది కాదు. 1995లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో మొదలైన ‘డిజైనింగ్ ఇంటరాక్టివ్ సిస్టమ్స్’ సదస్సులోనూ, మనిషికీ కంప్యూటర్‌కూ మధ్య వ్యవహారం (హెచ్‌సీఐ) గురించి 2019లో హైదరాబాద్‌లో జరిగిన ‘ఇండియా హెచ్‌సీఐ’ సదస్సులోనూ కంప్యూటర్ నిపుణులతో పాటు ఇతర రంగాలవారికీ చోటుంది. అయితే వారందరినీ పిలిచినంత మాత్రాన చర్చ జరగదు. విశాలమైన శీర్షిక ఒకటి పెట్టి, ఒక్కొక్కరికి పావుగంట చొప్పున సమయం ఇస్తే, ఎవరి శాస్త్రం గురించి వారు మాట్లాడి కూర్చుంటారు. సభికులకు చివరి ఐదు నిమిషాలు మిగులుతాయి. ఈ లోపం వక్తలది కాదని, వారి ముందు ఉమ్మడిగా చూడవలసిన వస్తువు లేకపోవడమే అసలు కారణమని నా అభిప్రాయం.

[దృశ్యం: పాత ఫోటోకాపీ యంత్రం. దాని ముందు తడబడుతున్న ఇద్దరు.]

1980ల తొలినాళ్లలో కాలిఫోర్నియాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల ‘పార్క్’ (PARC)లో మానవశాస్త్రవేత్త లూసీ సుచ్‌మన్, ఫోటోకాపీ యంత్రాన్ని మనుషులు ఎలా వాడుతున్నారో వీడియో తీసి పరిశీలించారు. ఆ వీడియోల్లో ఒకదానిలో, కంప్యూటర్ శాస్త్రంలో ఆరితేరిన ఇద్దరు పరిశోధకులు కాగితానికి రెండు వైపులా కాపీ తీయడానికి అవస్థ పడటం కనిపిస్తుంది. వాడేవారికి తెలివి చాలదన్న వాదన ఆ దృశ్యం ముందు నిలవదు. మీ గోష్ఠి కూడా ఇటువంటి రెండు నిమిషాల వీడియోతోనో, వేదిక మీద పెట్టిన అసలు పరికరంతోనో మొదలైతే, ప్రతి వక్తా తన పాఠాన్ని పక్కన పెట్టి, అందరి కళ్లెదుట ఉన్న దాని గురించే మాట్లాడక తప్పదు.

వస్తువు ఖరీదైనది కానక్కరలేదు. 1981–85 మధ్య స్కాండినేవియాలో ముద్రణ కార్మిక సంఘాలతో కలిసి సాగిన ‘యుటోపియా’ ప్రాజెక్టులో, పత్రికల పేజీలు కూర్చే కార్మికులకు రాబోయే కంప్యూటర్ పరికరాల గురించి రాతలో ఉన్న సాంకేతిక వివరణలు అంతగా ఉపకరించలేదు. అప్పుడు పరిశోధకులు చెక్కతో, అట్టపెట్టెలతో నమూనాలు చేసి, ఖాళీ పెట్టె మీద ‘డెస్క్‌టాప్ లేజర్ ప్రింటర్’ అని రాసి వారి ముందు పెట్టారు. దానితో పని చేస్తున్నట్టుగా కదిలి చూసినప్పుడు, ఏది ఎక్కడ ఉండాలో కార్మికులు తమ వృత్తి అనుభవం నుంచి చెప్పగలిగారు.

వక్తలు నలుగురు చాలు. వారిలో ఒకరు ఆ వస్తువును రోజూ వాడే వ్యక్తి కావాలి. టికెట్ యంత్రం గురించి చర్చిస్తే ఆ సహాయకుణ్ణి పిలవండి. ప్రయాణికులు ఏ తెర దగ్గర ఆగిపోతారో ఆయన ప్రతిరోజూ చూస్తున్నారు. మిగిలినవారికి ఇచ్చే పారితోషికమే ఆయనకూ ఇవ్వాలి, మొదటి మాట ఆయనదే కావాలి. గోష్ఠిని తెలుగులో నడపండి. ఇంగ్లిష్‌లో నడిపితే అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి మౌనంగా కూర్చుంటారు.

[దృశ్యం: వలయాకారంలో ఐదు కుర్చీలు, వాటిలో ఒకటి ఖాళీ. చుట్టూ సభికులు.]

కుర్చీలను వలయంగా వేసి ఒకటి ఖాళీగా ఉంచే పద్ధతిని ఫిష్‌బౌల్ అంటారు. సభికుల్లో ఎవరైనా వచ్చి ఆ కుర్చీలో కూర్చొని వక్తలతో సమానంగా వాదించవచ్చు. మరొకరు లేచి వస్తే వారికి చోటిస్తారు. మైకులు, వెలుతురు వంటి ఏర్పాట్లు ఏ సభకైనా ఉండేవే. సమన్వయకర్త మాత్రం వారం ముందే ప్రతి వక్తతో విడివిడిగా మాట్లాడి, ‘ఈ యంత్రంలో మీరు మొదట ఏది మారుస్తారు, ఆ మార్పు వల్ల ఎవరికి ఇబ్బంది?’ అని అడగాలి. జవాబులు ఎక్కడ ఢీకొంటాయో అక్కడే చర్చను నిలపాలి.

గంటన్నర గోష్ఠిలో చివరి అరగంట సభికులది. ఐదారుగురు చొప్పున జట్లుగా కూర్చొని, ఒక తెరను కాగితం మీద కొత్తగా గీస్తారు. వక్తలు జట్ల మధ్య తిరుగుతూ అభ్యంతరాలు చెబుతారు. ప్రతి అభ్యంతరాన్నీ ఆ కాగితం మీదే, చెప్పినవారి వృత్తితో సహా రాయించి, ఆ కాగితాల ఫోటోలను అదే వారంలో అందరికీ పంపండి.