వాన లెక్క తేలగానే అడవి కాపలా

శ్రోతలకు నమస్కారం.

వానలు సరిగా పడని ఏడాది పాలమూరులో చెరువు గురించి, బోరు గురించి, పశువుల మేత గురించి అందరం మాట్లాడుకుంటాం. అడవి మాట మాత్రం మంట లేచిన తర్వాతే వస్తుంది. ఈ పద్ధతి మారాలి.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో దాదాపు 2,600 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. చాలావరకు ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. నేలలో తడి లేకపోతే ఆకు తొందరగా రాలుతుంది, గడ్డి తొందరగా ఎండుతుంది. కరువు ఏడాది సంక్రాంతి దాటేసరికే అక్కడ అగ్గిపుల్ల ప్రమాదమే. మన దగ్గర అడవి దానంతట అదే అంటుకోవడం చాలా అరుదు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. తునికాకు చిగురు బాగా రావాలని నిప్పు పెడతారు. దేవరకొండ, చందంపేట వైపు చేలల్లో కాల్చిన పత్తి కట్టె నిప్పు గాలికి అడవిలోకి పోవచ్చు. శ్రీశైలం రోడ్డు మీద పారేసిన బీడీ ముక్క చాలు. చైత్ర పౌర్ణమికి ఈ అడవి లోపలి సలేశ్వరం గుడికి పోయే భక్తులు కూడా పొయ్యి విషయంలో జాగ్రత్త పడాలి.

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటలను పసిగట్టి సిబ్బంది ఫోన్లకు మెసేజ్ పంపుతుంది. మంచి ఏర్పాటే. కానీ ఆ ఉపగ్రహాలు మన మీదుగా పోయేది రోజుకు కొన్నిసార్లే, పైగా మెసేజ్ వచ్చేది మంట లేచాకే. మంటను ఆపేవి ముందే వేసిన ఫైర్ లైన్లు, అంటే ఆకూ గడ్డీ తీసేసిన ఖాళీ దారులు. ఆకు రాలుతున్న కొద్దీ బ్లోయర్లతో వాటిని మళ్లీ మళ్లీ ఊడ్చాలి. ఆ పని చేసే ఫైర్ వాచర్లలో చెంచులు ముందుండాలి. ఏ వాగు దాటితే ఏ గుట్ట వస్తుందో వాళ్లకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు. అలాంటి మనుషుల కూలి నెలల తరబడి ఆగితే ఎలా? నెలనెలా చేతికందాలి.

అడవి మంటల నివారణకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించే పథకం ఉంది. ఆ డబ్బు ఎప్పుడు చేరుతుందన్నదే అసలు టెన్షన్. సెప్టెంబరు ముగిసేసరికి ఏ మండలంలో ఎంత వాన లోటో ప్రభుత్వం దగ్గర లెక్క ఉంటుంది. కరువు మండలాలను గుర్తించడానికి వాడే ఆ లెక్కనే అడవికీ వాడాలి. లోటున్న మండలాల్లో వాచర్లను డిసెంబరులోనే పెట్టాలి, ఫైర్ లైన్లు జనవరి దాటకముందే పూర్తి చేయాలి. ఇప్పచెట్ల కింద పరచడానికి వలలు పంచితే ఆకు కాల్చే అవసరమే ఉండదు. వన్యప్రాణుల నీటితొట్లు నింపే ట్యాంకర్లకూ అప్పుడే ఏర్పాటు జరగాలి.

అడవి అంచు ఊళ్ల శ్రోతలకు ఒక మనవి. దసరా దాటాక జరిగే గ్రామసభలో అడగండి: మన బీటులో, అంటే మన ఫారెస్ట్ గార్డు చూసే అడవి భాగంలో, ఫైర్ లైన్ ఎప్పుడు వేస్తున్నారు? వాచర్లుగా ఎవరిని పెడుతున్నారు? వాళ్ల కూలికి డబ్బు వచ్చిందా?

సెలవు.