కూజా అడుగు చూశారా?

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద తువ్వాలులో చుట్టి పెట్టిందేమిటని ఇందాకటి నుంచి అడుగుతున్నారు. అదొక పింగాణీ పూలకూజా. చివర్లో విప్పి మీ చేతికే ఇస్తాను. ముందు అది నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి.

ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో 12 ఏళ్లు ఉన్నాను. అక్కడ చిన్న ఊళ్లలో కూడా వేలం హాళ్లుంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు పోతే సామానంతా వ్యానులో అక్కడికి చేరుతుంది. బీరువాలు, గడియారాలు, వెండి చెంచాలు, వాటి మధ్య ఎక్కడో ఒక చైనా కూజా. నా కళ్లన్నీ ఆ కూజాల మీదే ఉండేవి.

మొదటిసారి ఫోటో చూసి ఆన్‌లైన్‌లో పాడాను. పాల తెలుపు మీద నీలిరంగు పూలకొమ్మ, దాని మీద వాలబోతున్న పిట్ట. వివరాల చివర 'ఎ/ఎఫ్' అని రెండక్షరాలు ఉన్నాయి. పట్టించుకోలేదు. 180 పౌండ్లకు పాట నా పేరు మీద కొట్టేశారు. దాని మీద 25 శాతం కమిషన్, ఆ కమిషన్ మీద 20 శాతం పన్ను, మొత్తం 234 పౌండ్లయింది. ఇంటికొచ్చాక కూజాను పెదవికి ఆనించి చూశాను. కడుపు భాగం చల్లగా తగిలింది, మెడ మాత్రం చల్లగా లేదు. ఎప్పుడో విరిగితే జిగురుతో అతికించి, పైన రంగు కొట్టారు. 'ఎ/ఎఫ్' అంటే 'ఉన్నది ఉన్నట్టు' అని వేలం వాళ్ల భాష. సరుకు దెబ్బతిని ఉందని ముందే చెప్పేశారన్నమాట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు పోయిందన్న బాధ కన్నా, వస్తువును ముట్టుకోకుండా కొన్నానన్న బాధే ఎక్కువ.

మా నాయనమ్మ సంతలో కుండ కొనాలంటే ముందు వేలితో మోగించేది. ఖంగుమంటేనే బేరం. డొల్లగా పలికిందంటే పక్కన పెట్టేసేది. పది రూపాయల కుండకు ఉన్న ఆ పద్ధతి నేను 234 పౌండ్ల కూజాకు పాటించలేదు. అప్పటి నుంచి ఒకటే నియమం పెట్టుకున్నాను. వేలం కన్నా ముందు 'వ్యూయింగ్' అని ఒకటి రెండు రోజులు సరుకును చూడనిస్తారు. ఆ రోజు వెళ్లి చేత్తో పట్టుకుని చూడని వస్తువును ఎంత అందంగా ఉన్నా పాడను.

చేతికొచ్చాక బొమ్మలు చూడకండి. తిప్పి అడుగు చూడండి. కూజా నిలబడే అంచు మీద మెరుగుపూత ఉండదు, అసలు మట్టి అక్కడ కనిపిస్తుంది. 18వ శతాబ్దం నాటి మంచి పనితనమైతే ఆ అంచు గుండ్రంగా, నున్నగా ఉంటుంది. చైనా వాళ్లు దాన్ని బురదలో తిరిగే జారుడు చేప వీపుతో పోలుస్తారు. ఒక్కసారి వేలు రాస్తే ఆ పోలిక మళ్లీ మర్చిపోరు. తర్వాత గీతలు చూడండి. వందల ఏళ్లు బల్లల మీద జరిగిన వస్తువుకు గీతలు అడ్డదిడ్డంగా పడతాయి. అన్నీ ఒకే వైపుకు ఉన్నాయంటే గరుకు కాగితం పెట్టి రుద్దారేమోనని అనుమానించాలి. అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి జేబులో ఉంచుకోండి. అతుకు మీద వేసిన రంగు చాలాసార్లు ఆ వెలుగులో వేరుగా కనిపిస్తుంది.

ఇక అడుగున ఉండే ముద్ర. సాధారణంగా ఆరు చైనా అక్షరాలు, ఏ వంశం, ఏ చక్రవర్తి కాలం అని. అది చూసి చాలామంది పొంగిపోతారు. కానీ కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో, 1677లో, పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్ ఊరి కుమ్మరులు పింగాణీ మీద ఆయన పేరు రాయకూడదని అక్కడి అధికారి ఆజ్ఞ వేశాడు. రాజు పేరున్న పాత్ర పగిలి చెత్తలో పడితే అపచారమని. దాంతో వాళ్లు దాదాపు 200 ఏళ్ల కిందటి ఛెంగ్‌హ్వా చక్రవర్తి పేరు రాయడం మొదలుపెట్టారు. అందులో మోసం లేదు, పాతవాళ్ల మీద గౌరవం. తర్వాత తర్వాత అమ్ముకోవడానికి దొంగముద్రలు వేసినవాళ్లూ వచ్చారు. అందుకే ముద్రను నేను అన్నిటికన్నా చివర చూస్తాను.

2022లో ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లోలో ఒక నీలి తెలుపు కూజా వేలానికి వచ్చింది. 20వ శతాబ్దంలో చేసిన మామూలు వస్తువని నిపుణుడు తేల్చి, 1,500 నుంచి 2,000 యూరోలు పలకవచ్చన్నాడు. వ్యూయింగ్‌కు మాత్రం వందల మంది వచ్చారు, టార్చిలు, భూతద్దాలు పట్టుకుని. అది పాతదేనని నమ్మినవాళ్ల పాట 77 లక్షల యూరోల దగ్గర ఆగింది, కమిషన్‌తో 91 లక్షలు దాటింది. ఆ నిపుణుడు తన మాట మార్చుకోలేదు. ఎవరిది నిజమన్నది పక్కన పెడితే, అంత డబ్బు పెట్టడానికి సిద్ధపడ్డవాళ్లు ముందు వస్తువును దగ్గరగా చూడటానికి వచ్చారన్నది నాకు ముఖ్యం.

చూసొచ్చినా పాట మొదలయ్యాక టెన్షన్ తప్పదు. వేలంవెర్రి అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. 2010లో లండన్ శివారు రైస్లిప్ వేలం హాల్లో, ఒక ఇంటి సామానులో దొరికిన, చైనా చక్రవర్తి చియెన్‌లాంగ్ కాలపు కూజాకు 4.3 కోట్ల పౌండ్ల పాట వచ్చింది. పాడుకున్నవాళ్లు డబ్బు కట్టలేదు. 2013లో వేరేవాళ్లకు అమ్మారు, అందులో దాదాపు సగమే వచ్చిందని పత్రికల్లో వచ్చింది. అందుకే కమిషన్, పన్ను కలిపి ఎంత పెట్టగలనో ముందు రోజే కాగితం మీద రాసుకుంటాను. హాల్లో ఆ అంకె మార్చను.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఒక అదృష్టం ఉంది. కొనకుండానే కంటికి పదును పెట్టుకోవచ్చు. సాలార్ జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్, ఐరోపా పింగాణీ ఒకే కప్పు కింద ఉంది. లేత ఆకుపచ్చ సెలడాన్ పాత్రల దగ్గర కాసేపు ఆగండి. వాటిని ఇక్కడ 'ఘోరీ' అనేవారు. విషం కలిసిన తిండి పెడితే పళ్లెం పగులుతుందనో, రంగు మారుతుందనో నమ్మేవారు. ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆ పచ్చదనం లోతు ఒకసారి కంటికి పడితే, వేలం హాల్లో పైపూత రంగు చటుక్కున పట్టేస్తారు. ఇంకో మాట, 100 ఏళ్లు దాటిన కళావస్తువులను మన దేశం నుంచి సొంతంగా బయటికి పంపడం 1972 చట్టం ప్రకారం నేరం. విదేశాల్లో ఉన్న పిల్లలకు తాతగారి కూజా పంపుదామనుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

సరే, ఇప్పుడు తువ్వాలు విప్పుతున్నాను. పిట్ట బాగుంది కదూ? 234 పౌండ్లది ఇదే. అమ్మలేదు, అమ్మను కూడా. అతుకు ఎలా ఉంటుందో ఇంతకన్నా బాగా చూపించే వస్తువు నా దగ్గర ఇంకొకటి లేదు. ముందు వరసలో ఉన్న అమ్మగారితో మొదలుపెడదాం. ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి కడుపు దగ్గర పెట్టండమ్మా. మెడ పట్టుకుని ఎత్తకండి, విరిగింది అక్కడే. మెల్లగా తిప్పి అడుగున అంచు మీద వేలు పెట్టండి. ఆఁ, అలాగే.