ఫారంలో ఎక్కని ఖోఖో

(జూన్ 29న కర్నూలులో, డిగ్రీ విద్యార్థుల గణాంక దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైములో సగం పోతుంది, ఏమనుకోవద్దు. ఈరోజు గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారి పుట్టినరోజు. 1893లో పుట్టారు. మిగతాది ప్రిన్సిపాల్ గారు చెప్పేశారు కాబట్టి నేను నేరుగా ఆటల్లోకి వస్తా.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో పైనుంచి ఒక ఫారం వచ్చింది. మీ విద్యార్థుల్లో ఆటలాడేవాళ్ళు ఎంత శాతం? సాయంత్రంలోగా పంపాలి. కిటికీలోంచి గ్రౌండు వైపు చూశా. క్రికెట్ ఆడుతున్నారు. అరవై అని రాసేశా. స్టాటిస్టిక్స్ చెప్పే మనిషిని! మరుసటేడు అరవై రెండు రాశా, అభివృద్ధి ఉండాలి కదా.

పద్ధతిగా చేస్తే ఎట్లుంటుందంటే, ఇంగ్లండులో 2005 అక్టోబరులో యాక్టివ్ పీపుల్ సర్వే మొదలుపెట్టారు. పదహారేళ్ళు నిండినవాళ్ళకు ఫోన్లు చేశారు, ఒక్కో స్థానిక సంస్థ పరిధిలో వెయ్యి మంది చొప్పున. వారానికి మూడు రోజులు, అరగంటకు తగ్గకుండా ఒళ్ళు కదిలించారా అన్నది లెక్క. దేశం మొత్తానికి 21 శాతం తేలింది.

ఇక్కడున్న అమ్మాయిల్లో ఈ వారం ఏదైనా ఆట ఆడినవాళ్ళు చెయ్యెత్తండి. రెండు, మూడు... నాలుగు. కుంటాట ఆడినా ఎత్తొచ్చమ్మా. ఆ, ఇప్పుడు ఏడు. చూశారా, ప్రశ్న మారితే అంకె ఎట్లా మారిందో!

వెయ్యి మందిని అడిగితే నిజానికీ మన అంకెకూ తేడా మామూలుగా అటూ ఇటూ మూడు శాతం దాకానే. ఊరికి పదిమందే దొరికారు, ముగ్గురు ఆడతామన్నారు అనుకోండి. 30 శాతం. కానీ నిజం 2 కావచ్చు, 58 కావచ్చు. ఆ అంకెను నమ్మి మైదానం కాదు కదా, వాలీబాల్ నెట్టు కూడా కొనలేం.

అందుకని మోడల్, అంటే ఒక లెక్కల సూత్రం, మిగతా ఊళ్ళ సమాచారాన్ని అప్పు తెస్తుంది. ఏ వయసువాళ్ళు, ఆడా మగా, ఏ పని చేసేవాళ్ళు ఎంత ఆడుతున్నారో సర్వే మొత్తంలో చూసి, ఆ ఊళ్ళో అలాంటివాళ్ళు ఎందరున్నారో జనాభా లెక్కల్లోంచి తీసి కలుపుతారు. ఊళ్ళో అడిగింది తక్కువైతే మోడల్ మాట చెల్లుతుంది, ఎక్కువైతే ఊరి మాట.

మంచి పద్ధతే. అయితే మన జిల్లాలోనే కోసిగి వైపు పోయి చూడండి. పండగలు దాటితే జనం సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరప కోతలకు. పిల్లలూ వెంటే. మోడల్ లెక్కలో తాళం వేసిన ఇంట్లో కూడా పద్నాలుగేళ్ళ పిల్ల ఉంటుంది, ఆడుతూ ఉంటుంది!

అసలు చెప్పాలని వచ్చింది ఇంకొకటి. మా ఊరి హైస్కూలుకు ఒక డ్రిల్లు సారు వచ్చారు. ఆడపిల్లల చేత ఖోఖో ఆడించారు. గ్రౌండు మగపిల్లలు వదలరు కాబట్టి బడి వెనక, నీళ్ళ తొట్టి పక్కన సున్నంతో గీతలు గీశారు. తుమ్మముళ్ళు ఏరింది పిల్లలే. మా చెల్లెలు లంగా ఎగదోపి గుంజ చుట్టూ తిరిగేది. 'ఖో' అని అరిస్తే మా ఇంటికి వినపడేది. రాత్రి అమ్మ మోకాళ్ళకు పసుపు పెడుతూ తిట్టేది. రెండేళ్ళకు సారుకు బదిలీ అయింది. ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. వానకు గీతలు పోయాయి. చెల్లెలు మళ్ళీ ఆడలేదు.

ఆ సారును ఏ గడిలో పెడతారు? వయసు, చదువు, పని చూస్తే మా ఊరూ పక్క ఊరూ ఒకటే. ఆయన ఉన్న రెండేళ్ళూ మోడల్ మాకు పక్క ఊరి అంకే ఇచ్చేది. పోయాకా అదే ఇచ్చేది. నేను కిటికీలోంచి చూసి అరవై రాసిన రోజు, బిల్డింగు వెనక ఎవరైనా ఆడుతున్నారేమో. లేచి చూడలేదు.

చీటీ వచ్చింది, ఆపేస్తా. థర్డ్ ఇయర్ వాళ్ళూ, మీ ప్రాజెక్టుకు నాలుగు ఊళ్ళకు మోడల్ అంకె కట్టండి. తర్వాత సాయంత్రం ఐదున్నరకు ఆ ఊళ్ళకు పోయి లెక్కపెట్టండి. వానాకాలంలో ఒకసారి, సుగ్గి నెలల్లో ఒకసారి. బడి వెనక్కి కూడా పోండి. బస్సు చార్జీలు నేనిస్తా, ప్రిన్సిపాల్ గారిని అడగొద్దు.