పాలపళ్ళ కవర్లు, పోలీసు ఫైళ్ళు

శ్రోతలకు నమస్కారం.

మీ చేతికి ఒక పాత కరపత్రం వచ్చిందనుకోండి. కాగితం పసుపుపచ్చగా మారింది, సైక్లోస్టైల్ ఇంకు అక్కడక్కడా అలుక్కుపోయింది. ‘నవంబర్ 15, శనివారం. అందరూ వాషింగ్టన్ రండి. యుద్ధం ఆగాలి’ అని ఉంది. ఏ సంవత్సరమో మాత్రం లేదు. వేసినవాళ్ళను తప్పుపట్టలేం. వచ్చే శనివారం గురించి కంగారు పడుతున్న మనిషి, యాభై ఏళ్ళ తర్వాత ఎవరో చదువుతారని సంవత్సరం వేస్తాడా? మన వీధి గోడల మీద సభల పోస్టర్లు చూడండి, వాటిలోనూ చాలావాటికి ఉండదు.

అప్పుడు పాత క్యాలెండర్లు తిరగేయాలి. నవంబర్ 15 శనివారం పడింది 1958లో, ఆ తర్వాత 1969లో, ఆ తర్వాత 1975లో. 1958లో ఆపమనడానికి అమెరికా పెద్ద యుద్ధమేదీ చేయడం లేదు. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోవడంతో వియత్నాం యుద్ధం అయిపోయింది. ఇక మిగిలింది 1969. అమెరికాలో శాంతి ఉద్యమాల చరిత్ర వెతికేవాళ్ళకు ఇలాంటి పని రోజూ ఉంటుంది.

యుద్ధం చేసినవాళ్ళ కాగితాలు దాచడానికి ప్రభుత్వమే ఉంది. రెజిమెంటు రికార్డులు, పతకాల జాబితాలు, సైన్యాధికారుల ఉత్తరాలు, అన్నీ నంబర్లు వేసి భద్రంగా పెడతారు. యుద్ధం వద్దన్నవాళ్ళ కాగితాలో? ఎవరి అటక మీదో, ఎవరి గ్యారేజీలోనో పడుంటాయి. ఆ మనిషి పోయాక పిల్లలు వచ్చి ఇల్లు ఖాళీ చేస్తూ ‘ఈ చెత్తంతా ఏంటి’ అని బయట పడేస్తే, ఒక ఉద్యమం చరిత్ర అక్కడితో సరి.

ఆ ముప్పు ముందే పసిగట్టిన చోటు ఒకటుంది. పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియా పక్కన, స్వార్త్‌మోర్ అనే చిన్న ఊరు. అక్కడి కాలేజీ పెట్టింది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. ఆయుధం పట్టకూడదన్నది వాళ్ళ మతవిశ్వాసం. 1930 ప్రాంతంలో జేన్ ఆడమ్స్ తన శాంతి ఉద్యమపు కాగితాలను ఆ కాలేజీకి ఇచ్చారు. షికాగోలో వలస వచ్చిన పేదల పేటలో 1889లో హల్ హౌస్ పెట్టింది ఈవిడే. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1915లో, హేగ్ నగరంలో యుద్ధం చేస్తున్న దేశాల ఆడవాళ్ళనూ చేయని దేశాల ఆడవాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టిన మహాసభకు అధ్యక్షత వహించారు. అంతకుముందు ఆమెను నెత్తిన పెట్టుకున్న పత్రికలే ఆ తర్వాత దుమ్మెత్తి పోశాయి. 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆమె కాగితాలతో మొదలైన ఆ శాంతి సంగ్రహంలో ఇవాళ ఎన్నో సంఘాల మినిట్స్ పుస్తకాలు, ఉత్తరాలు, పోస్టర్లు, చొక్కాకు పెట్టుకునే బ్యాడ్జీలు కూడా ఉన్నాయి.

పత్రికలు ఉన్నాయి కదా, వాటిలో చూసుకోవచ్చు కదా అంటారేమో. ఒక కథ చెబుతాను.

1917 ఏప్రిల్ 6. తెల్లవారుజామున మూడు గంటలు. జర్మనీ మీద యుద్ధం ప్రకటించాలా వద్దా అని అమెరికా ప్రతినిధుల సభలో ఓటింగు జరుగుతోంది. మోంటానా నుంచి గెలిచిన జెనెట్ రాంకిన్ ఆ సభలో మొట్టమొదటి మహిళ. ప్రమాణం చేసి వారం కూడా కాలేదు. మొదటిసారి పేరు పిలిస్తే పలకలేదు. రెండోసారి పిలిచినప్పుడు, నా దేశం వెంట నిలబడాలనే ఉంది కానీ యుద్ధానికి ఓటు వేయలేను అన్నారు. ఆ రాత్రి వద్దన్నవాళ్ళు మొత్తం 50 మంది. అంటే 49 మంది మగవాళ్ళు. మర్నాడు పత్రికలకు ఆ 49 మంది ఆనలేదు. ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చిందన్నదే వార్త అయింది. నిజంగా ఏడ్చారా? అక్కడే ఉన్నవాళ్ళలో కొందరు అవునన్నారు, కొందరు కాదన్నారు. న్యూయార్క్ సభ్యుడు లాగార్డియాను అడిగితే, నా కళ్ళల్లోనే నీళ్ళు తిరుగుతుంటే ఆవిడ ఏడ్చిందో లేదో నాకేం కనబడుతుంది అన్నారట. అచ్చులో ఉంది కాబట్టి నిజమే అనుకుంటే పరిశోధన అక్కడే పక్కదారి పడుతుంది.

రాంకిన్ 1941లో మళ్ళీ అదే సభలో ఉన్నారు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన మర్నాడు, యుద్ధానికి 388 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటి. ఆ ఒక్కటీ ఆమెదే. జనం మీద పడేసరికి టెలిఫోన్ బూత్‌లో దూరి, తలుపేసుకుని, పోలీసుల్ని పిలవాల్సి వచ్చింది. ఆ బూత్‌లో ఉన్న ఆమె ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. తర్వాత గాంధీ మీద అభిమానంతో మన దేశానికి ఏడుసార్లు వచ్చారు. ఆ రాకపోకలు పాతవే లెండి. బానిసత్వాన్ని, మెక్సికో మీద యుద్ధాన్ని నడిపే ప్రభుత్వానికి పన్ను కట్టనని 1846లో ఒక రాత్రి జైల్లో ఉన్న అమెరికన్ రచయిత థోరో రాసినది గాంధీ దక్షిణాఫ్రికాలో చదివారు. గాంధీ పద్ధతుల్ని నల్లజాతి పౌరహక్కుల ఉద్యమకారుడు బేయర్డ్ రస్టిన్ లాంటివాళ్ళు మళ్ళీ అమెరికాకు పట్టుకెళ్ళారు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. అది 1962 డిసెంబర్‌లో జరిగింది.

అంతకు ఏడాది ముందు, 1961 నవంబర్ 1న, అమెరికాలో ఎన్నో ఊళ్ళలో గృహిణులు వంటిళ్ళు వదిలి వీధిలోకి వచ్చారు. అణుపరీక్షల ధూళి గడ్డి మీద పడి, ఆ గడ్డి ఆవులు మేసి, ఆ పాలలో స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం చేరి, పిల్లల ఎముకల్లోకి వెళుతోందన్నది వాళ్ళ భయం. భయం నిజమైనదే. విమెన్ స్ట్రైక్ ఫర్ పీస్ అని పేరు పెట్టుకున్నారు. దాదాపు 50 వేల మంది కదిలారని వాళ్ళే చెప్పుకున్న లెక్క.

ప్రతినిధుల సభలో అప్పట్లో అమెరికా వ్యతిరేక కార్యకలాపాల కమిటీ అని ఒకటుండేది. కమ్యూనిస్టుల్ని ఏరడం దాని పని. దాని నుంచి పిలుపు వచ్చిందంటే ఉద్యోగాలు పోయేవి, స్నేహితులు మొహం చాటేసేవాళ్ళు. ఈ ఆడవాళ్ళలో కొందరికి ఆ పిలుపు వచ్చింది. వాళ్ళు బిక్కుబిక్కుమంటూ రాలేదు. పిల్లల్ని చంకనేసుకుని, పాలసీసాలతో సహా, హాలు నిండా వచ్చి కూర్చున్నారు. మొదటి సాక్షి లేచి నిలబడగానే ఆమెతోపాటు హాలంతా లేచి నిలబడింది. నిలబడకూడదన్నారు అధ్యక్షులవారు. చప్పట్లు కొట్టారు. చప్పట్లు కూడదన్నారు. సాక్షి దగ్గరికి పరుగెత్తుకెళ్ళి ముద్దులు పెట్టారు, పూలగుత్తులు ఇచ్చారు. మూడు రోజులు ఇదే వరస. మీ సంఘంలో సభ్యులెవరు, నాయకులెవరు అని కమిటీ గుచ్చి గుచ్చి అడిగితే, మాకు సభ్యత్వాలే లేవు అన్నారు. అదీ నిజమే. కావాలనే సభ్యత్వాలు పెట్టుకోలేదు.

కమిటీకి తగిలిన దెబ్బ ఇవాళ్టి పరిశోధకుడికీ తగులుతుంది. సభ్యుల జాబితా లేదు, చందా రసీదుల్లేవు. ఎంతమందో, ఎవరెవరో ఎలా తేల్చాలి? విచిత్రం ఏమిటంటే, ఆ ఆడవాళ్ళు ఏం మాట్లాడారో మాటకు మాట దొరికేది ఆ కమిటీ విచారణ రికార్డులోనే. వాళ్ళ నోరు మూయించాలని పిలిచిన కమిటీయే స్టెనోగ్రాఫర్‌ను కూర్చోబెట్టి ప్రతి మాటా రాయించి, ప్రభుత్వ ఖర్చుతో అచ్చు వేయించింది. వాళ్ళను వాళ్ళే అంత శ్రద్ధగా భద్రపరచుకోలేదు.

అమెరికా శాంతి ఉద్యమాల విషయంలో ఇది పదే పదే కనిపిస్తుంది. ప్రేమించినవాళ్ళ కంటే అనుమానించినవాళ్ళు ఎక్కువ కాగితాలు దాచారు. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఫైళ్ళలో ఏ మీటింగు ఎక్కడ జరిగింది, ఎవరి కారు నంబరేంటి, ఎవరు ఏమన్నారు, అన్నీ ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఇస్తారు. మధ్యమధ్య నల్ల రంగు పూసి ఇస్తారు. ఒక్కో పేజీలో ‘ది’ అనీ ‘అండ్’ అనీ తప్ప ఏమీ మిగలదు. పైగా ఇన్‌ఫార్మర్ రాసినదాన్ని పూర్తిగా నమ్మడానికీ లేదు. డబ్బు తీసుకునేవాడు ఏదో ఒకటి రాసి పంపాలి కదా.

ఆ ఫైళ్ళ సంగతి లోకానికి తెలిసిన తీరు ఇంకా తమాషా. స్వార్త్‌మోర్ పక్కనే మీడియా అని ఊరు. అవును, ఊరి పేరే మీడియా. అక్కడ ఎఫ్‌బీఐకి చిన్న ఆఫీసు. 1971 మార్చి 8 రాత్రి మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్‌ల బాక్సింగ్ పోటీ. దేశమంతా రేడియోలకు అతుక్కుపోయి ఉంటుందని చూసుకుని, ఎనిమిది మంది యుద్ధ వ్యతిరేకులు ఆ ఆఫీసు తాళం తీసి, ఫైళ్ళన్నీ సూట్‌కేసుల్లో నింపుకుని పోయారు. వాళ్ళ పెద్ద ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్. ఒకతను తాళాలు తీయడం పోస్టులో కోర్సు చేసి నేర్చుకున్నాడు. ఒకావిడ అంతకుముందే స్వార్త్‌మోర్ కాలేజీ విద్యార్థినిలా ఆ ఆఫీసుకు వెళ్ళి, ఎఫ్‌బీఐలో ఆడవాళ్ళకు ఉద్యోగాలుంటాయా అని అడుగుతూ గదులన్నీ చూసి వచ్చింది.

ఫైళ్ళు విప్పి చూస్తే, స్వార్త్‌మోర్ కాలేజీ టెలిఫోన్ స్విచ్‌బోర్డు ఆపరేటర్ ఎఫ్‌బీఐకి సమాచారం ఇస్తున్నట్టు ఉంది. యుద్ధ వ్యతిరేకుల ఇళ్ళకు వెళ్ళి ప్రశ్నించడం పెంచండి, ప్రతి పోస్టుడబ్బా వెనకా మన మనిషి ఉన్నాడని వాళ్ళకు అనిపించాలి అని ఒక కాగితంలో ఉంది. దొంగలు వాటికి కాపీలు తీసి పత్రికలకు పంపించారు. ఎలా పంపారంటారా? పోస్టులోనే. ఎఫ్‌బీఐ ఎంత గాలించినా వాళ్ళు దొరకలేదు. 2014లో తామే అని కొందరు తమంతట తాము చెప్పుకునేదాకా ఎవరికీ తెలియదు. ఆ కాగితాల వల్లే సెనేట్ విచారణలకు దారి పడింది. చట్టం ప్రకారం అది దొంగతనమే, కాదనను. కానీ ఆ దొంగతనం లేకపోతే సగం చరిత్ర మనకు దక్కేది కాదు.

మొదట చెప్పిన కరపత్రం దగ్గరికి వద్దాం. 1969 నవంబర్ 15 నాటి ఊరేగింపుకు వచ్చింది రెండున్నర లక్షల మంది అని పోలీసులు, అంతకు రెట్టింపు అని నిర్వాహకులు. అంతకు రెండు రోజుల ముందు నుంచి, రాత్రీ పగలూ, చలిలో, చనిపోయిన ఒక్కో అమెరికన్ సైనికుడి పేరు రాసిన అట్టను మెడలో వేసుకుని, చేతిలో కొవ్వొత్తితో జనం వరసగా నడిచారు. వైట్‌హౌస్ ముందుకు వచ్చాక ఆ పేరు గట్టిగా పలికేవారు. చివర్లో అట్టను శవపేటికలో వేసేవారు. అధ్యక్షుడు నిక్సన్ మాత్రం ఇవేవీ తనను కదిలించవని ముందే ప్రకటించారు. శనివారం టీవీలో ఫుట్‌బాల్ చూశానన్నారు. వచ్చినవాళ్ళు ఉసూరుమంటూ ఇళ్ళకు వెళ్ళారు. యుద్ధం ఇంకా ఏళ్ళపాటు సాగింది.

తర్వాత రహస్య పత్రాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఆ నవంబర్ నాటికి ఉత్తర వియత్నాం మీద భారీ బాంబుదాడులు చేయాలని, హైఫాంగ్ రేవులో మందుపాతరలు వేయాలని వైట్‌హౌస్‌లో పథకం సిద్ధమైంది. దాన్ని నిక్సన్ పక్కన పెట్టేశారు. కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో వీధిలో ఉన్న జనం ఒకటి. ఆ సంగతి 1978లో తన ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నారు. చలిలో కొవ్వొత్తి పట్టుకుని నడిచినవాళ్ళకు ఆ రోజు అది తెలిసే దారే లేదు.

చివరగా, కాగితం కాని ఒక రికార్డు గురించి. మన ఊళ్ళలో పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్ళం. సెయింట్ లూయిస్ నగరంలో 1958 చివర్లో, అవే పాలపళ్ళు మాకు పంపండి అని శాస్త్రవేత్తలు, పౌరులు కలిసి అడిగారు. పళ్ళలో స్ట్రాన్షియం ఎంతుందో కొలవడానికి. పంపిన పిల్లలకు ‘నా పన్ను సైన్సుకిచ్చాను’ అన్న బ్యాడ్జీ ఇచ్చేవారు. మూడు లక్షల పైచిలుకు పళ్ళు వచ్చాయి. 1963లో వాతావరణంలో అణుపరీక్షలు ఆపుతూ ఒప్పందం కుదిరింది. 1970లో ఆ పని ఆగిపోయింది, మిగిలిన పళ్ళను అందరూ మరిచిపోయారు.

2001లో, సెయింట్ లూయిస్‌లోనే ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు తమ స్టోర్ ఒకటి సర్దుతుంటే పెట్టెలు బయటపడ్డాయి. ఒకప్పుడు సైన్యం మందుగుండు దాచుకున్న బంకరు అది. లోపల దాదాపు 85 వేల పాలపళ్ళు. ఒక్కోటీ ఒక్కో చిన్న కవర్లో. ప్రతి పన్నుకూ ఒక కార్డు, దాని మీద ఆ బిడ్డ వివరాలు.

నమస్కారం.